గుండె కణంలో కాల్షియం నిల్వ



పాఠశాలల్లో ఆటల పోటీలు జరిగేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఇలాంటి సంఘటన చూస్తాం. ఎనిమిదేళ్ల పిల్లవాడో, పదేళ్ల పిల్లో బాగానే పరుగెత్తుతూ ఉంటారు. గీత దాటేలోగా ఉన్నట్టుండి నేలకూలిపోతారు. అందరూ చుట్టూ మూగుతారు. ఒకరు మొహాన నీళ్లు చల్లుతారు, ఒకరు చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. కాసేపటికి పిల్లవాడు లేచి కూర్చుంటాడు. ఎండదెబ్బ అని ఒకరంటారు, మూర్ఛ అని ఒకరంటారు, గాలి సోకిందని మరొకరంటారు. అంతటితో ఆ సంగతి మరిచిపోతారు.

ఎండలో చాలాసేపు నిలబడ్డ పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. దానికి అంతగా భయపడనక్కర్లేదు. కాని పరుగెత్తుతూ ఉండగా పడిపోవడం వేరు. దాని వెనక గుండెకు సంబంధించిన ఒక కారణం ఉండవచ్చు. ఆ కారణం ఏమిటో తెలియాలంటే గుండె కణంలో కాల్షియం ఎలా నిల్వ ఉంటుందో, ఆ నిల్వను ఎవరు అదుపు చేస్తారో తెలుసుకోవాలి. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతే చెప్పుకుందాం.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్లు, పాలు గుర్తుకొస్తాయి. అది నిజమే. పెద్దవాళ్ల శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటే అందులో నూటికి 99 పాళ్లు ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క పాలులోనే మన ప్రాణం ఉందని చెప్పాలి. ఈ సంగతి బయటపడింది ఒక పొరపాటు వల్ల. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో పరీక్షిస్తూ ఉండేవాడు. గుండె చాలాసేపు చక్కగా కొట్టుకున్నట్టు కనిపించింది. తరువాత తెలిసిందేమిటంటే, ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో కాక మామూలు కుళాయి నీళ్లతో కలిపారు. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న ఆ వస్తువేమిటని వెతికితే, అది సున్నపురాయి నుంచి నీటిలో కరిగే కాల్షియం అని తేలింది. ఇది 1883 నాటి మాట.

మరి కాల్షియం గుండెలో చేసే పని ఏమిటి? గుండె కండరం కోట్ల కణాలతో తయారైంది. ప్రతి కణంలోనూ సన్నని మాంసకృత్తుల పోగులు ఉంటాయి. కాల్షియం వచ్చి తగిలితే ఆ పోగులు ఒకదానిలోకి ఒకటి జారి కణం ముడుచుకుంటుంది. కాల్షియం తొలగిపోతే కణం సడలుతుంది. కణాలన్నీ ఒకేసారి ముడుచుకోవడమే గుండె కొట్టుకోవడం. నిమిషానికి 72 సార్లు అనుకుంటే రోజుకు లక్షకు పైగా కొట్టుకుంటుంది. అంటే రోజుకు లక్ష సార్లు కాల్షియం రావాలి, లక్ష సార్లు తొలగిపోవాలి.

ఆ కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది? మన ప్రాంతపు రైతులకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. నగరి, పుత్తూరు, సత్యవేడు, ఊత్తుకోట వైపు సేద్యమంతా ఒకప్పుడు చెరువుల మీదే నడిచింది. పైరుకు నీళ్లు కావాలంటే వాన కోసం ఎదురుచూడకుండా చెరువు తూము తెరిచేవారు. గుండె కణం చేసే పనీ అదే. బయట రక్తంలో కాల్షియం ఉన్నా, అవసరమైనదంతా ప్రతిసారీ బయటి నుంచి తెచ్చుకోదు. తన లోపలే ఒక చెరువు కట్టుకుంది. శాస్త్రజ్ఞులు దాన్ని సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ అంటారు. పలుచని పొరతో అల్లిన గొట్టాలూ సంచులూ కణమంతా వల మాదిరి పరుచుకుని ఉంటాయి. మనం దాన్ని చెరువు అనే పిలుచుకుందాం.

ఈ చెరువులో ఉన్న కాల్షియానికీ, చెరువు బయట కణద్రవంలో ఉన్న కాల్షియానికీ తేడా ఎంతో తెలుసా? గుండె సడలి ఉన్నప్పుడు లోపలి గాఢత బయటిదానికి సుమారు పదివేల రెట్లు. కట్ట ఇవతల పొలం ఎండి ఉంటుంది, కట్ట అవతల చెరువు నిండి ఉంటుంది. ఆ తేడా ఉన్నందువల్లనే తూము తెరిచిన మరుక్షణం కాల్షియం బయటికి దూకుతుంది.

గుండెలో విద్యుత్ తరంగం కణం పైపొర మీదుగా సాగినప్పుడు, బయటి నుంచి కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది. అది కణం ముడుచుకోవడానికి చాలదు. కాని అది వెళ్లి చెరువు తూమును తడుతుంది. తూము తెరుచుకుని అసలు కాల్షియం వస్తుంది. మనిషి గుండెలో ఒక్కొక్క స్పందనకు కావలసిన కాల్షియంలో సుమారు మూడింట రెండు వంతులు ఈ చెరువు నుంచే వస్తుంది. కాల్షియమే కాల్షియాన్ని పిలుస్తుందన్నమాట. అలెగ్జాండర్ ఫాబియాటో అనే శాస్త్రజ్ఞుడు 1970లలోనూ 80లలోనూ గుండె కణాల పైపొర ఒలిచి చేసిన ప్రయోగాలతో ఈ సంగతి గట్టిపడింది. ఆ తూముకు రయనోడిన్ రిసెప్టర్ అని పేరు. దక్షిణ అమెరికాలో పెరిగే ఒక పొద నుంచి తీసిన రయనోడిన్ అనే విషం దానికి అతుక్కుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

తూము తెరిస్తే సరిపోదు, చెరువు మళ్లీ నిండాలి. బయటికి వచ్చిన కాల్షియాన్ని తోడి తిరిగి చెరువులో పోయడానికి ఒక పంపు ఉంది. పల్లం నుంచి మెరకకు నీళ్లు ఎక్కించాలంటే కరెంటు కావాలి కదా? ఈ పంపుకు ఏటీపీ అనే పదార్థమే కరెంటు. ఇక్కడ మన తెలుగువారొకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ చెన్నపట్నంలోనే, మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నారు. తరువాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల రసాయన శాస్త్రంలో పరిశోధన చేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని కండరాల్లో గుర్తించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. కండరంలోని కాల్షియం పంపు ఏటీపీతో పనిచేస్తుందని ఆ తరువాత ముప్పై ఏళ్లకు తేలింది. మన గుండె ప్రతిసారీ సడలినప్పుడు జరిగే పనిలో సుబ్బారావుగారు చూపించిన ఆ పదార్థం ఖర్చవుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కాల్షియం తగిలితే తూము తెరుచుకుంటుంది అన్నాం. తూము నుంచి వచ్చేదీ కాల్షియమే. మరి ఆ వచ్చిన కాల్షియం మళ్లీ తూమును తట్టి, అది మళ్లీ తెరుచుకుని, చెరువు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు కదా? కాని అలా జరగదు. ప్రతి స్పందనకూ నిల్వలో ఇంచుమించు సగం వస్తుంది, తూము మూసుకుంటుంది. ఎందుకు మూసుకుంటుంది?

దీనికి ఒక ముఖ్యమైన జవాబు చెరువులోనే ఉంది. తూముకు బయటి నుంచి వచ్చే పిలుపు ఒక్కటే వినబడదు, లోపల నీటిమట్టం ఎంత ఉందో కూడా తెలుస్తుంది. నిల్వ నిండుగా ఉంటే చిన్న పిలుపుకే బాగా తెరుచుకుంటుంది. నిల్వ తగ్గేకొద్దీ బిగుసుకుంటుంది. నిల్వ బాగా అడుగంటితే అదే పిలుపు వచ్చినా దాదాపు ఏమీ విడుదల చేయదు. మన ఊళ్లలో చెరువు నీటిమట్టం చూసి తూము ఎంత ఎత్తాలో నిర్ణయించడానికి నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. కణంలో అలాంటి మనిషి లేడు. తూమే నీరుగంటి పని చేస్తుంది.

తూముకు ఈ తెలివి ఎలా వచ్చిందన్నదాని మీద చాలా పరిశోధన జరిగింది. చెరువు లోపల కాల్‌సీక్వెస్ట్రిన్ అనే మాంసకృత్తి ఉంది. 1971లో దీన్ని గుర్తించారు. కాల్షియాన్ని పట్టి ఉంచేది అని దాని పేరుకు అర్థం. ఒక్కొక్క అణువు నలభై దాకా కాల్షియం అయాన్లను పట్టుకోగలదు. ఇది తూము పక్కనే ఉండి, నిల్వ తక్కువగా ఉన్నప్పుడు తూమును తెరుచుకోనీయకుండా పట్టి ఉంచుతుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి. తూముకు స్వయంగా కూడా ఆ గ్రహింపు ఉంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ప్రయోగంలో, తూము తలుపు దగ్గర ఉన్న ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చారు. ఆ తరువాత నిల్వ ఎంత నిండినా తూము దాన్ని గుర్తించలేకపోయింది. ఈ రెంటిలో దేని పాత్ర ఎంత అన్న చర్చ శాస్త్రజ్ఞుల మధ్య సాగుతూనే ఉంది.

తూములు తెరుచుకోవడాన్ని 1993లో శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో కంటితో చూడగలిగారు. కాల్షియం తగిలితే మెరిసే రంగును కణంలో నింపి చూస్తే, అక్కడక్కడ మిణుకుమిణుకుమని రవ్వలు కనిపించాయి. ఒక్కొక్క రవ్వ ఒక్కొక్క తూముల గుంపు తెరుచుకున్న ఆనవాలు. నిల్వ సరైన మట్టంలో ఉంటే ఆ రవ్వ పుట్టినచోటే ఆరిపోతుంది. నిల్వ మితిమీరితే ఆ రవ్వ పక్క తూమును, అది దాని పక్క తూమును రేపుతూ కణమంతా కెరటంలా వ్యాపిస్తుంది. పూండి జలాశయం నిండినప్పుడు గేట్లు ఎత్తితే కుశస్థలి నది ఒడ్డున ఉన్న ఊళ్లకు హెచ్చరిక చేస్తారని మీకు తెలుసు. అక్కడ పైరుకు నీళ్లు కావాలని గేట్లు ఎత్తరు, జలాశయం ఇక పట్టదు కనుక ఎత్తుతారు. కణంలో జరిగేదీ అదే. పిలుపు లేకుండానే కాల్షియం పొర్లిపోతుంది.

అలా పొర్లిన కాల్షియాన్ని కణం బయటికి నెట్టేటప్పుడు, ఒక్కొక్క కాల్షియానికి బదులుగా మూడు సోడియం అయాన్లు లోపలికి వస్తాయి. దానివల్ల కణంలో అకాలంగా విద్యుత్తు పుడుతుంది. ఫలితంగా గుండె వేళ కాని వేళ కొట్టుకుంటుంది. అలాంటివి వరుసగా వస్తే గుండె లయ తప్పి, మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు.

పరుగెత్తుతూ పడిపోయిన పిల్లవాడి దగ్గరికి ఇప్పుడు తిరిగి వెళదాం. పరుగెత్తినా, భయపడినా, కోపం వచ్చినా శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. అది కాల్షియం పంపును వేగంగా నడిపించి చెరువును నింపుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దానివల్ల గుండె మరింత బలంగా కొట్టుకుంటుంది, అంతే. కాని కొందరు పిల్లలకు పుట్టుకతోనే తూములో లోపం ఉంటుంది. చెరువు పూర్తిగా నిండక ముందే ఆ తూము పొర్లిస్తుంది. ఫ్రాన్స్‌లో కూమెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1978లో ఇలాంటి నలుగురు పిల్లల గురించి రాశారు. 2001లో రయనోడిన్ రిసెప్టర్ జన్యువులో ఉన్న మార్పులే దీనికి కారణమని ఇటలీ, ఫిన్లాండ్ పరిశోధకులు చూపించారు. ఇది సుమారు పదివేల మందిలో ఒకరికి ఉండవచ్చని అంచనా.

అదే ఏడాది ఇజ్రాయెల్ ఉత్తర ప్రాంతంలోని ఒక బెదూయిన్ తెగలో, పరస్పరం బంధుత్వం ఉన్న కుటుంబాల్లో ఇదే జబ్బు కనబడింది. అక్కడ లోపం తూములో కాదు, కాల్‌సీక్వెస్ట్రిన్ జన్యువులో ఉంది. ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ రెండో రకం జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా లోపమున్న జన్యువు రావాలి. ఒకవైపు నుంచే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. భార్యాభర్తలిద్దరికీ ఆ జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకే వంశంలోని వారు పెళ్లి చేసుకుంటే ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మన వైపు మేనమామకు మేనకోడలిని ఇవ్వడం, మేనరికాలు చేసుకోవడం తరతరాలుగా ఉంది. అలా చేసుకున్నవారి పిల్లలందరికీ జబ్బులొస్తాయని నేను చెప్పడం లేదు. ఇంట్లో చిన్న వయసులో ఆటల్లోనో, ఈతలోనో, భయపడినప్పుడో హఠాత్తుగా చనిపోయినవారు ఉంటే, ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పమంటున్నాను. పెళ్లి మాటలకు ముందే చెబితే మరీ మంచిది.

ఈ జబ్బులో ఇంకొక చిక్కు ఉంది. పిల్లవాణ్ని పడుకోబెట్టి ఈసీజీ తీస్తే మామూలుగానే కనిపిస్తుంది. అందుకే చాలామందికి మూర్ఛ అని పేరుపెట్టి ఏళ్ల తరబడి ఆ మందులే ఇస్తుంటారు. పరుగెత్తించి, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీస్తేనే లయ తప్పడం బయటపడుతుంది. ఈ పరీక్ష గుండె డాక్టరు సమక్షంలోనే జరగాలి. జబ్బు తేలితే భయపడి కూర్చోనక్కర్లేదు. అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే నాడొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు ఉన్నాయి. అవి చాలని వారికి ఫ్లెకైనైడ్ అనే మందు, శస్త్రచికిత్స, గుండెకు షాక్ ఇచ్చే పరికరం వంటి మార్గాలు ఉన్నాయి. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. పోటీ ఆటలకు దూరంగా ఉండాలి.

చెరువు మితిమీరి నిండడానికి పుట్టుకతో వచ్చిన లోపమే కారణం కానక్కర్లేదు. ఇంగ్లండులో విలియం విదరింగ్ 1785లో డిజిటాలిస్ మొక్క గుణాల మీద పుస్తకం రాశాడు. ఆ జాతి మొక్క నుంచి తీసిన డిగాక్సిన్ మాత్రను ఈనాటికీ కొందరు గుండె రోగులకు ఇస్తున్నారు. కణంలో కాల్షియం నిల్వను కొద్దిగా పెంచి గుండెకు బలం ఇవ్వడమే దాని పని. మోతాదు మించితే మాత్రం చెరువు పొర్లుతుంది, లయ తప్పుతుంది. మన పెరళ్లలోనూ గుడి ఆవరణల్లోనూ పసుపు పూలు పూసే పచ్చగన్నేరులో ఉండే విషం కూడా ఈ కోవకు చెందినదే. పిల్లలు తెలియక దాని కాయలు నోట పెట్టుకున్నా, మరెవరైనా మింగినా, పసరు మందులతో కాలయాపన చేయకండి. పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. గుండె లయ కొన్ని గంటల తరువాత కూడా తప్పవచ్చు.

చెరువు అడుగంటితే ఏమవుతుంది? అదీ కష్టమే. గుండె బలహీనపడి, కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే రోగుల్లో చాలామందికి కాల్షియం పంపు సరిగా పనిచేయదు. పైగా తూము కారుతూ ఉంటుంది. నిల్వ తగ్గిపోతుంది, ప్రతి స్పందనకూ వచ్చే కాల్షియం తగ్గుతుంది, గుండె గట్టిగా ముడుచుకోలేదు. పంపు జన్యువునే గుండెకు చేరవేసి బాగుచేద్దామని 250 మంది రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అది ప్రయోజనం చూపలేదు. ప్రయత్నాలు మాత్రం ఆగలేదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. గుండెలో కాల్షియం తక్కువైతే పాలు ఎక్కువ తాగాలా? ఎక్కువైతే కాల్షియం మాత్రలు మానేయాలా? రెండూ కాదు. మనం తిన్న కాల్షియం నేరుగా గుండెలోని చెరువుకు వెళ్లదు. రక్తంలో కాల్షియం హెచ్చుతగ్గులు కాకుండా గొంతు దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు కాపలా కాస్తాయి. గుండె కణం తన చెరువును తానే సర్దుకుంటుంది. గర్భిణులకో, ఎముకల బలహీనత ఉన్నవారికో డాక్టరు రాసిన కాల్షియం మాత్రలను ఈ ప్రసంగం విని మానేయకండి.

చివరిగా ఒక మాట. ఎవరైనా హఠాత్తుగా పడిపోయి, పిలిచినా పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే నీళ్లు చల్లుతూ కూర్చోవద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. సహాయం వచ్చేదాకా ఆపకూడదు. పిల్లవాడు తనంతట తానే లేచి కూర్చున్నా సరే, పరుగులో పడిపోయాడంటే గుండె డాక్టరుకు చూపించే తీరాలి. చూపించేదాకా పరుగెత్తనీయకూడదు, ఈతకు పంపకూడదు. ఉపాధ్యాయులు ఈ మాట తల్లిదండ్రులకు తప్పకుండా చెప్పాలి. ఎలా పడిపోయాడో, అప్పుడు ఏం చేస్తున్నాడో చూసినది మీరే కాబట్టి, ఆ రెండు ముక్కలు కాగితం మీద రాసి ఇస్తే డాక్టరుకు ఎంతో ఉపకారం.

నిండిన చెరువు ఊరికి బలం, తెగిన చెరువు ఊరికి ముప్పు అని మన పెద్దలకు తెలుసు. అందుకే కట్టనూ తూమునూ కనిపెట్టుకుని ఉండేవారు. మన గుండెలోని చెరువులను కంటితో చూడలేం. కాని వాటికి ఇబ్బంది వచ్చినప్పుడు శరీరం ఒక సూచన ఇస్తుంది. ఆ సూచనను గాలి అనో, దిష్టి అనో కొట్టిపారేయకుండా ఉంటే ఒక పసివాడి ప్రాణం నిలుస్తుంది.